తప్పు కారుదా, కాలిదా

ఇంటి నుంచి, వంటగది బల్ల
ఆదివారం

ఒరేయ్ నట్టూ,

నాలుగేళ్ళప్పుడు నట్టు మింగి ఇల్లంతా హడలెత్తించావు, ఆ పేరే నీకు అతుక్కుపోయింది. ఇప్పుడు నన్నొక పెడల్ హడలెత్తిస్తోంది. మీ క్వారీ కొండ మీద ఫోను పలకదు కాబట్టి ఎప్పటిలాగే డీజిల్ ట్యాంకరు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కారు క్లచ్ మార్పించి పదకొండు రోజులైంది. నువ్వు రాసి పంపిన లిస్టు పట్టుకుని సామానంతా నేనే తెచ్చాను. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, ఆయిల్ కారుతున్న పై సిలిండర్‌కి బదులు కొత్తది, కింది సిలిండర్ కూడా కొత్తదే. నువ్వు మన ఇంటి అలవాటు చొప్పున తెలుగు అంకెల్లో రాసిన కొలతల్ని షాపువాడికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చి చీటీ రాసుకెళ్ళాను. నాన్న అచ్చుకూటంలో అక్షరాలు పేర్చేవాడు కాబట్టి మనకీ పిచ్చి అంటుకుంది, షాపువాడికేం కర్మ?

బిగించింది మా వీధి మెకానిక్. ఏమడిగినా "నిదానంగా చూద్దాం అమ్మా" అంటాడని అతన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. పెడల్ రాయిలా ఉందని చెబితే, కొత్త సామాను కదా, వాడగా వాడగా మెత్తబడుతుందన్నాడు. పదకొండు రోజులు వాడాను. మెత్తబడింది నేనే.

నా పని సంగతి నీకు తెలుసు. రోజుకి ముప్ఫై కుళాయిల దగ్గర సీసాలు పట్టి, ఆరు గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. ఆలస్యమైతే ఆ నీళ్ళు పరీక్షకి పనికిరావు. పెడల్ తొక్కితే దిగుతుంది కానీ, నన్ను సీట్లోకి వెనక్కి నెట్టి మరీ దిగుతుంది. సాయంత్రానికి తల ప్రాణం తోకకొస్తోంది.

అసలు నూనె వెళ్ళి క్లచ్‌ని ఎలా నెడుతుందిరా? ఇన్నేళ్ళు నడిపాను, ఒక్కసారీ అడగలేదు. వివరంగా రాయి. తేడా కారులోనే ఉంది కదూ? కారులోనే ఉండి ఉంటుంది.

నీ అక్క


క్వారీ, మరమ్మతుల షెడ్డు
బుధవారం

అక్కా,

కాగితం మీద నూనె మరక నాది కాదు. డ్రైవరు నీ ఉత్తరాన్ని క్యారియరు కింద పెట్టుకొచ్చాడు.

వాడగా మెత్తబడుతుందనే మాట నమ్మకు. బిగుతుకి ఒక అడ్రసు ఉంటుంది. మనం ఒక్కో తలుపూ తట్టుకుంటూ పోవాలి.

ముందు నువ్వడిగింది చెబుతాను. మీ ల్యాబులో సూదుల్లేని సిరంజీలు ఉంటాయిగా, ఒక లావుది, ఒక సన్నది తీసుకో. రెండింట్లో నీళ్ళు నింపి మధ్యలో గొట్టం తగిలించు. ఒకటి నొక్కితే రెండోది కదులుతుంది. క్లచ్ కూడా ఇంతే. నీ కాలు పై సిలిండర్‌ని నొక్కుతుంది, నూనె గొట్టంలోంచి వెళ్ళి కింది సిలిండర్‌ని నెడుతుంది, అది ఫోర్కు అనే మీటని, ఫోర్కు బేరింగుని, బేరింగు ప్రెషర్ ప్లేటుని. ఇప్పుడు సిరంజీలు అటూ ఇటూ మార్చి నొక్కి చూడు, ఏది కష్టమో నాకు రాయి.

ఇక పరీక్షలు. కింది సిలిండర్ మీద గాలి తీసే నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేయించి పెడల్ తొక్కు. అప్పుడూ గట్టిగానే ఉంటే తేడా పైన, పెడల్ దగ్గర ఉంది. మెత్తబడితే కింద ఉంది. తర్వాత ఫోర్కు కీలుకి గ్రీజు పెట్టాడో లేదో అడుగు. అన్నిటికంటే తేలికది చివర చెబుతున్నాను: అదే మోడల్ కారు ఎవరికైనా ఉంటే వాళ్ళని నీ పెడల్ తొక్కమను, వాళ్ళది నువ్వు తొక్కు.

నట్టు


ల్యాబు వరండా
శుక్రవారం

నట్టూ,

ఈ వయసులో నన్ను సిరంజీలతో ఆడించావు. మా ల్యాబు అటెండరు ఏమిటా ఆట అని నిలబడి, చివరికి తనూ ఒకటి పట్టుకున్నాడు. సన్నది నొక్కితే లావుది హాయిగా కదిలింది, కాకపోతే కొంచెమే కదిలింది. లావుది నొక్కితే సన్నది ఝామ్మని పోయింది కానీ నా బొటనవేలు పడిపోయింది. అంటే బలమైనా మిగలాలి, దూరమైనా మిగలాలి, రెండూ ఒకేసారి రావు. ఇంత మంచి సంగతి బడిలో ఎవరూ చెప్పలేదే.

నట్టు వదులు చేయించాను. నిదానం కారు కింద పడుకున్నాడు, నేను తొక్కాను. వెన్నలా దిగింది. ఆ నూనె సూటిగా అతని చొక్కా మీదకి దిగింది, అయినా మనిషి తొణకలేదు. బిగించగానే మళ్ళీ రాయి. గ్రీజు ముందే పెట్టాడట, అయినా మళ్ళీ పెట్టించాను. మార్పు లేదు.

మొన్న నలభై నిమిషాలు ఆలస్యమైతే రెండు పెట్టెల సీసాలు వెనక్కి పంపేశారు. సిగ్నళ్ళ దగ్గర గేరు తీసేసి కూర్చుంటున్నాను, పచ్చ పడ్డాక మళ్ళీ వెయ్యడానికి టైము పడుతోంది. వెనకవాళ్ళ హారన్లకి చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇంకా ఏం చూడమంటావు? ఏదడిగినా చేస్తాను.

అక్క


క్వారీ షెడ్డు
మంగళవారం

అక్కా,

వెన్నలా దిగిందంటే పైన పెడల్ కీలూ స్ప్రింగూ బాగున్నట్టే. భారం కింది నుంచి వస్తోంది. కొత్త గొట్టం వేయించు. పాత గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల రబ్బరు ఉబ్బి దారి మూసేస్తుంది. ఇంకో కొలత కూడా కావాలి, పెడల్ ఎంత దూరం దిగాక క్లచ్ విడిపోతోంది?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏదడిగినా చేస్తానన్నావు, చివర అడిగింది మాత్రం వదిలేశావు. ఇంకెవరైనా తొక్కి చూశారా?

నట్టు


ఇంటి నుంచి, మెట్ల కింద
శనివారం

నట్టూ,

గొట్టం మార్పించాను. అదీ కాదు. పెడల్ సగం దిగగానే క్లచ్ విడిపోతోంది, గేరు పడుతోంది. మిగతా సగం ఊరికే.

నిన్న తోచక ఒక పని చేశాను. పొద్దున్నుంచి ల్యాబుకి చేరేదాకా క్లచ్ ఎన్నిసార్లు తొక్కానో లెక్కపెట్టాను. నాలుగొందల పన్నెండు.

ఇక నీ బుర్ర తిననులే. ల్యాబులో రిపోర్టులు రాసే సీటు ఒకటి ఖాళీ అయింది. గురువారం దరఖాస్తు ఇచ్చేశాను. ఫ్యాను కింద కూర్చుని నీళ్ళ గురించి రాయడమే, తిరగక్కర్లేదు. పద్నాలుగేళ్ళు తిరిగాను, చాలు. కారు అమ్మేస్తే నిదానానికి కూడా విశ్రాంతి.

చెడిపోయిందన్న మీ రాళ్ళ క్రషర్ బాగైందా? వేళకి తింటున్నావా?

అక్క


క్వారీ షెడ్డు
అదే శనివారం, మధ్యాహ్నం

అక్కా,

ట్యాంకరు తిరిగి బయల్దేరడానికి అరగంట ఉంది. డ్రైవరుకి టీ ఇచ్చి కూర్చోబెట్టి రాస్తున్నాను.

మా నీళ్ళకేం, కొబ్బరినీళ్ళే అని ఇంటివాళ్ళు చెబితే సరేనని ఖాళీ సీసాతో వచ్చేసిన రోజు నీ ఉద్యోగంలో ఒక్కటైనా ఉందా? అలాంటిదానివి రెండు నిమిషాల పరీక్షని రెండు ఉత్తరాలుగా దాటేస్తున్నావు. ఇంకొకరి చేత తొక్కించమన్నాను, అంతే. దానికి సామాను అక్కర్లేదు. కుళాయిల వెంట తిరగడమంటే నీకెంత ఇష్టమో నాకు తెలియదా? ఫ్యాను కింద కూర్చుంటావా నువ్వు?

ఎందుకు దాటేస్తున్నావో నాకు తట్టింది. తట్టగానే అన్నం పక్కన పెట్టేశాను. ఎడమ కాలేనా? సూటిగా రాయి. నీళ్ళు పరీక్షించు కానీ నా దగ్గర నీళ్ళు నమలకు.

నట్టు


ఇంటి నుంచి, పడగ్గది
మంగళవారం

నట్టూ,

ఎడమ కాలే.

రెండేళ్ళ కిందట నడుం ఆపరేషన్ అయినప్పుడు నువ్వే పక్కన ఉన్నావు కదా. నువ్వు మందులకి వెళ్ళినప్పుడు డాక్టరు నాతో ఒక మాటన్నాడు. ఎడమ కాలు మళ్ళీ బరువెక్కినట్టనిపిస్తే ఆ రోజే రమ్మన్నాడు, ఆలస్యం చేస్తే పోయిన బలం తిరిగి రాదన్నాడు. ఆ మాట నీకు చెప్పలేదు. ఆ రోజే అన్నాడు. ఆ రోజు దాటి మూడు వారాలైంది.

క్లచ్ మార్పించిన వారానికి మొదలైంది. సాయంత్రానికి కాలు నాది కానట్టుంటుంది. ల్యాబు మెట్ల మీద తడబడి ఒక పెట్టె పడేశాను, సీసా పగిలింది. తొందరెందుకండీ అని అటెండరు నవ్వాడు, నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడే పెడల్ కూడా కొత్తది కావడం ఎంత కలిసొచ్చిందో చూడు, నేరమంతా దాని మీదకి నెట్టేశాను.

మేడ మీద టీచరమ్మ ఉంది. ఆవిడ కారూ నాదీ ఒకే మోడల్, ఒకే ఏడాది. రోజూ పొద్దున పక్కపక్క నుంచే తీస్తాం. ఒక్కసారి తొక్కి చూడండి అనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ కూర్చుని, మెత్తగానే ఉందే అంటే? అప్పుడు తప్పు కారుది కాదు, కాలిది. కారుకైతే సామాను దొరుకుతుంది.

అందుకే నీ పరీక్షలన్నీ ఉత్సాహంగా చేశాను, ఆ ఒక్కటి తప్ప. ఆ నూనె, ఆ సిరంజీలు చూస్తున్నంతసేపూ కాలు గుర్తుకు రాలేదు. భయమేస్తోందిరా.

అక్క


క్వారీ షెడ్డు
శనివారం

అక్కా,

నాకూ వేసింది. నీ ఉత్తరం చదివి షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపు కూర్చొచ్చాను. క్రషర్ షాఫ్టు విప్పి ఉంది, ఇంకో మూడు వారాలు కదలనివ్వరు. కబురు చెడ్డదైతే మాత్రం ఎవరినీ అడగను, ట్యాంకరెక్కి వచ్చేస్తాను.

టీచరమ్మని అడగొద్దులే. ఆవిడ మర్యాదకి ఏదో ఒకటంటుంది. కాటాకి మర్యాద తెలియదు. ఇంట్లో ఒంటి బరువు చూసుకునే కాటా ఉందిగా, అది తీసుకో. రెండు మూరల పొడవు గట్టి కర్ర ఒకటి కోయించు. కర్ర ఒక కొస పెడల్ మీద ఆనించి, రెండో కొస కాటా మధ్యలో పెట్టి, కాటాని రెండు చేతులతో నెట్టాలి. పెడల్ సాఫీగా దిగుతున్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి. నీ కారుకి మూడుసార్లు, ఆవిడ కారుకి మూడుసార్లు.

అది కారుకి. తర్వాత గోడకి వీపు ఆనించి కింద కూర్చో. ఎదురుగా ఏ బీరువాకో కాటా నిలబెట్టి ముందు కుడి కాలితో, తర్వాత ఎడమ కాలితో నెట్టు. అది కాలికి.

రెండూ చెయ్యి. మొదటిదాని జవాబు చూసుకుని రెండోది ఎగ్గొట్టకు. అంకె ఏదైనా నాకు రాయి. తెలియని దాని కంటే తెలిసిన చెడ్డ అంకె నయం. నువ్వు ఊరందరికీ చెప్పేది అదేగా.

నట్టు


ఇంటి నుంచి, గేటు దగ్గర గట్టు మీద
ఆదివారం

నట్టూ,

నా కారు ౧౭ కిలోలు. టీచరమ్మ కారు ౧౨. మూడేసిసార్లు చూశాం, ముల్లు అటూ ఇటూ కాలేదు.

నిదానం మోకాళ్ళ మీద కూర్చుని కాటా నెట్టాడు, టీచరమ్మ చదివింది, నేను కాగితం మీద రాసుకున్నాను. అంతా అయ్యాక ఆవిడ ఎవరూ అడక్కుండానే నా కారెక్కి పెడల్ తొక్కింది. నా వైపు తిరిగింది.

"దీన్ని రోజంతా ఎలా తొక్కుతున్నారండీ?" అంది.

ఆ మాట కోసమే ఇన్ని వారాలుగా ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది. గేటు పట్టుకుని ఏడ్చేశాను. నిదానం కంగారుపడి, ఇన్నాళ్ళూ తను షెడ్డులోంచి వీధిలోకి తీయడమే కానీ దూరం నడపలేదని, తన కాళ్ళు మొద్దువని, ఏవేవో సంజాయిషీలు చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు దరఖాస్తు వెనక్కి తీసుకుందామని సూపర్వైజరు దగ్గరికెళ్ళాను. ఆయన అందులో నేను రాసిన కారణం చదివి వినిపించాడు. ఎడమ కాలి బలహీనత వల్ల కారు నడపలేకపోతున్నాను అని, నా చేత్తో నేనే రాశాను. ఇప్పుడు కారు మీదకి నెడితే పై వాళ్ళు ఒప్పుకోరట. కాలు నడపడానికి పనికొస్తుందని డాక్టరు రాసివ్వాలి, ఒకటో తారీఖు లోపు. లేకపోతే నా కుళాయిలు ఇంకొకరికి, నాకు ఆ కుర్చీ.

కారు బిగుసుకుందని తేలింది. కాలు బాగుందని తేలలేదు. కాటా బల్ల కిందే ఉంది. దాని జోలికి ఇంకా వెళ్ళలేదు.

అక్క


క్వారీ షెడ్డు
బుధవారం

అక్కా,

చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్నాననుకో. తప్పు నాది.

పదిహేడుని పన్నెండుతో భాగించాను. ఒకటీ పాయింటు నాలుగు వచ్చింది. ఈ అంకె ఎక్కడో చూశానే అని కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాను. పందొమ్మిది పందొమ్మిదులు మూడొందల అరవై ఒకటి. పదహారు పదహారులు రెండొందల యాభై ఆరు. దాన్ని దీనితో భాగించు, అదే ఒకటీ పాయింటు నాలుగు. నీ పెట్రోలు కారుకి పై సిలిండర్ పదహారు మిల్లీమీటర్లది. డీజిల్ రకానికి వచ్చేది పందొమ్మిది. నేను లిస్టులో రాసింది ౧౬. నువ్వు చదివింది ౧౯ అయ్యుండాలి. నా రాత చూసి నాన్న, ఇది ఆరా, తొమ్మిదా, మధ్యలో మనసు మార్చుకుందా అని అడిగేవాడు కదా.

లావు సిరంజితో నొక్కితే నీ బొటనవేలు పడిపోయింది, గుర్తుందా? ఆరు వారాలుగా నీ కాలు చేస్తున్నది అదే. నట్టు వదులు చేసినప్పుడు అవతల అడ్డు లేదు, అందుకే లావుదైనా వెన్నలా దిగింది, నేను తప్పుదారి పట్టాను. పెడల్ సగానికే క్లచ్ విడిపోతోందని నువ్వు రాసినప్పుడైనా నాకు వెలగాలి. ఆ ఉత్తరంలో నీ దరఖాస్తు సంగతి చదివి మిగతాది చెవిన వేసుకోలేదు. సిలిండర్ ఒంటి మీద పోత పోసిన అంకె ఉంటుంది, తుడిచి చూడు.

ఇంకో లెక్క కూడా చేశాను. ఒక్కో తొక్కుడికీ అయిదు కిలోలు అదనం, రోజుకి నాలుగొందల పన్నెండుసార్లు. రెండు టన్నులు దాటింది. రోజూ రెండు టన్నులు ఉత్తపుణ్యానికి నెట్టిన కాలు సాయంత్రానికి బరువెక్కక ఏం చేస్తుంది?

కానీ ఇది నా లెక్క, నేను డాక్టర్ని కాను. కాటా తియ్యి. అంకె తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీకు దణ్ణం పెడతాను.

నట్టు


ఇంటి నుంచి, కారు సీట్లో
శుక్రవారం

నట్టూ,

తుడిచి చూశాను. పందొమ్మిదే. నిదానం పదహారుది బిగించాక మళ్ళీ కర్ర పెట్టాం, పన్నెండు కిలోలు. మీ తమ్ముడికి ఇకనుంచి అంకెలు అక్షరాల్లో రాయమని చెప్పండమ్మా అన్నాడు. చెబుతున్నాను.

ఆ సాయంత్రమే గోడకి ఆనుకుని కూర్చున్నాను. కుడి కాలు నలభై ఆరు. ఎడమ కాలు ముప్ఫై ఒకటి. నాలుగుసార్లు నెట్టాను, ముప్ఫై రెండు కూడా రాలేదు. అంటే ఇన్నాళ్ళూ నేను భయపడిందీ నిజమే, కారు బిగుసుకుందన్నదీ నిజమే.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆయన అది చూసి నవ్వలేదు. నన్ను పడుకోబెట్టి, నా పాదానికి అరచెయ్యి అడ్డంపెట్టి నెట్టమన్నాడు. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. మడమల మీద నడిపించాడు, మునివేళ్ళ మీద నడిపించాడు. తర్వాత బీరువాలోంచి నా పాత ఫైలు తీసి, ఒక పేజీ నా వైపు తిప్పాడు. ఆపరేషన్ అయిన మూడో నెలలో రాసింది. ఎడమ కాలి బలం అయిదుకి నాలుగు. పక్కన ఇవాళ్టిది రాశాడు. అయిదుకి నాలుగు.

"తగ్గలేదమ్మా. అప్పటి నుంచీ ఇంతే. మీకు అప్పుడే చెప్పాను" అన్నాడు.

చెప్పే ఉంటాడు. ఆ రోజే రమ్మన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది, మిగతాది ఎక్కలేదు. అయిదో వంతు ఎప్పుడో పోయింది, ఇక రాదు. పోయిందని నాకు తెలియదు, అంతే.

మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారని అడిగాడు. నేనే నడుపుకుంటూ వచ్చానన్నాను. మరి ఇంకేం రాయమంటారు అని కాగితం తన ముందుకి లాక్కున్నాడు. సూపర్వైజరు అది రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాడు. కుళాయిలు నావే.

ఆసుపత్రి బయట కారెక్కి వెంటనే స్టార్ట్ చెయ్యలేకపోయాను. రెండేళ్ళుగా నేను మంచి కాలితో తిరుగుతున్నాననుకున్నాను. ఎండలో, వానలో, ఆ ఇరుకు సందుల్లో, అన్ని పెట్టెలు మోసుకుంటూ. బలం పోతుందేమో, పోతే ఏం కాను అని ఈ ఆరు వారాలూ ఎంత ఏడ్చానో నీకు రాయలేదు. ఆ పోయిన కాలితోనేరా నట్టూ, నేను రెండేళ్ళూ తిరిగింది.

నీ అక్క